పదిహేడో రకం

...ఉప్పు ఒత్తిడికి కాడ రంగు మారుతుంది, అది మామూలే, పచ్చగా ఉన్నది ఊదాగా తిరుగుతుంది. ఆ వాక్యం ఫిబ్రవరిలో తనే రాసుకుంది. కాబట్టి ఇప్పుడు కొత్తగా భయపడడానికి ఏమీ లేదు. కానీ ఒత్తిడి అన్నిటికీ ఒక్కటే కదా. అవే మళ్ళు, అదే ఉప్పు బావి, జానెడు దూరంలో పక్కపక్కనే మొక్కలు. నలభై ఒకటి ఊదాగా తిరిగితే పదమూడు పచ్చగా ఎందుకు మిగిలాయి?

బస్సు షోళింగనల్లూరు సిగ్నల్ దగ్గర ఆగి చాలాసేపయింది. కిటికీ పక్కన ఒక ఆఫీసు క్యాబ్ నిలబడి ఉంది. అందులో ఒకతను అద్దానికి నుదురు ఆనించి నిద్రపోతున్నాడు. సునయన అతని చొక్కా గుండీలు లెక్కపెట్టింది. భయం వేసినప్పుడు ఏదో ఒకటి లెక్కపెట్టడం ఆమెకు అలవాటు. నిన్న సాయంత్రం కూడా అలాగే అయింది. ఈరోజు కమిటీ వస్తుంది కదా, లేబుళ్ళు సరిగ్గా ఉన్నాయో లేవో చూద్దామని పదిహేడో రకం మడి దగ్గర వంగింది. వంగింది కదా అని ఒక మొక్క మొదలు చూసింది. దాని పక్కది చూసింది. ఆ తరవాత లేబుళ్ళ సంగతి మరిచిపోయి, పదిహేడో రకం ఉన్న మూడు మళ్ళలోనూ కాడలు లెక్కపెడుతూ చీకటి పడేదాకా ఉండిపోయింది.

పేరున్న పూల రకాలేవీ బతకని చౌడు నేలలో ఏ బంతి బతుకుతుందో చూడడమే ఆమె పని. ఎక్కడెక్కడి నుంచో తెచ్చిన ఇరవై నాలుగు రకాలు. ఒక్కో రకానికి మూడు మళ్ళు, మడికి పద్దెనిమిది మొక్కలు. ఏ మడి ఎక్కడ ఉండాలో చీట్లు తీసి నిర్ణయించారు. జనవరిలో నాటారు. మంచినీళ్ళ బొట్టు కూడా ఇవ్వకుండా ఆ పక్కనే ఉన్న ఉప్పు బావి నీళ్ళే పెట్టారు. నెలకు లెక్క చూస్తే చాలా రకాలు సగానికి పడిపోయాయి. పదిహేడో రకం మాత్రం యాభై నాలుక్కి యాభై నాలుగూ బతికింది.

ఆ రోజు ఆమె నవ్విన నవ్వు ఆమెకు గుర్తుంది. ఎవరూ చూడలేదనుకుంది.

పదకొండు గంటలకు ముగ్గురు సభ్యులు వస్తారు. వాళ్ళు ఒప్పుకుంటే పదిహేడో రకాన్ని తీరం వెంబడి నాలుగు చోట్ల పెంచుతారు, సునయన ఉద్యోగం ఇంకో మూడేళ్ళు నడుస్తుంది. ఒప్పుకోకపోతే ఈ నెలాఖరుతో సరి. ఆమె పైఅధికారి విజయకుమార్ గారు జూన్‌లో రిటైరవుతున్నారు. పన్నెండేళ్ళుగా చౌడు నేలలో పూల మీద పనిచేసిన మనిషి. ఆయన చేతి మీదుగా ఒక్క రకమూ బయటికి రాలేదు. మొన్న ల్యాబులో టీ తాగుతూ, దీనికి పేరు ఆలోచించావా అని అడిగారు. అడిగి, సిగ్గుపడినట్టు కప్పులోకి చూసుకున్నారు.

బంతి పక్క మొక్కల పుప్పొడితో కలిసే జాతి, ఒకే రకంలోనూ కొంచెం తేడా ఉంటుంది, అది కూడా పుస్తకాల్లో ఉంది, అనుకుంది సునయన. బస్సు కదిలింది. అనుకున్న మాట నిజమే. కానీ కొంచెం తేడా అన్నది కాడ మొదట్లో గీత గీసినట్టు రెండు జట్లుగా విడిపోదు. అది ఆమెకు నిన్న తెలియలేదు. ఫిబ్రవరిలోనే తెలుసు. తెలిసినదాని మీద ఒక వాక్యం రాసి మూత పెట్టింది. చూడకపోవడం అబద్ధం చెప్పడం కాదని ఆమెకు చిన్నప్పటి నుంచీ ఒక నమ్మకం. ఆ నమ్మకం ఎక్కడ నేర్చుకుందో ఇప్పుడు ఆలోచించదలచుకోలేదు.

కేళంబాక్కం దాటాక దిగి, ఎండలో ఇరవై నిమిషాలు నడిచింది. ఒకప్పుడు ఆ నేలలో ఉప్పు పండించారు. తరవాత రొయ్యల చెరువులు తవ్వారు. ఆ తరవాత దేనికీ పనికిరాదని వదిలేస్తే వీళ్ళ సంస్థ తీసుకుంది. మార్చి వచ్చిందంటే తడి ఆరి, మళ్ళ మధ్య బాటల మీద తెల్లటి పొర పైకి తేలుతుంది. నడుస్తుంటే చెప్పుల కింద పలచగా విరుగుతుంది.

పంకజం అప్పటికే వచ్చి బాటలు ఊడుస్తోంది. యాభై దాటిన మనిషి, రోజుకూలి. తరాల కిందట ఈ తమిళ ప్రాంతానికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. ఉద్యోగంలో చేరిన మొదటివారం సునయన ఫోనులో తల్లితో తెలుగులో మాట్లాడుతుంటే విని, మనోళ్ళా నువ్వు, ముందే చెప్పకూడదా అని దెబ్బలాడినట్టే అడిగింది. అప్పటి నుంచి సూపర్‌వైజర్ తంగరాజ్ ముందు మేడం అంటుంది, అతను పక్కకు వెళితే పాప అంటుంది.

"ఏం పాపా, జరం మళ్ళా వచ్చిందా? మొగం అట్టుండాది."

సునయన సంచీ కింద పెట్టింది. తను మోసుకొచ్చిన ప్రశ్న అడగకుండా కూడా ఈ రోజు గడిచిపోతుంది అనిపించింది. అడిగితే జవాబు వస్తుంది. జవాబు వచ్చాక అది తెలియనట్టు ఉండడానికి ఇప్పటిదాకా చేసినదానికంటే పెద్ద పని చేయాల్సి వస్తుంది. అలా అనుకుంటూ ఉండగానే తన గొంతు వినబడింది. ఇంటి భాషలోకి జారిపోయిన గొంతు.

"పంకజమ్మా, జనవరిలో నాకు డెంగీ వచ్చి పదిరోజులు రాలేదు కదా. అప్పుడు ఈ పదిహేడో నంబరు మళ్ళలో ఏమన్నా చేసినావా?"

"ఏం చేసేది? నీళ్ళు పెట్టినాను. కలుపు తీసినాను." పంకజం చీపురు దులిపింది. "పోయినచోట నాటినాను."

"ఏం నాటినావు?"

"బంతే దా. ఇంకేం నాటుతాను, వంకాయా?"

నవ్వుతూనే చెప్పింది. దాచాలనే ఆలోచనే లేదు ఆమెకు. నాటిన నాలుగో రోజుకే ఆ మూడు మళ్ళు దాదాపు ఖాళీ అయిపోయాయట. మిగతావి కూడా పోయాయి గానీ ఇంత అన్యాయంగా పోలేదట. డాక్టర్ విజయకుమార్ గారు చూడడానికి వచ్చేలోగా ఎక్కడా ఖాళీ కనబడకూడదని తంగరాజ్ అరిచి వెళ్ళాడు. ట్రేలలో నారు అయిపోయింది. అందుకని ఇంటి వెనక తను పోసుకున్న నారును తడి గోనెలో చుట్టి బస్సులో తెచ్చి, పొద్దుగుంకే వేళ నాటింది. ఎన్ని అని సునయన అడిగింది. నలభై చిల్లర అంది పంకజం, ఒకటి అటూ ఇటూ. మిగతా రకాలకు చాలలేదట, అందుకు ఇప్పటికీ బాధేనట.

ఆమె ఇల్లు పాత ఉప్పుమళ్ళ గట్టున. ఆ వాకిట్లో మునగ కూడా బతకదు. ఆ బంతి మాత్రం అత్త కాలం నుంచీ వస్తోంది. ఏటేటా విత్తనం దాచుకుంటారు, వీధి చివర అమ్మవారి గుడికి మాల కడతారు.

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగినావా? వచ్చినావు, మళ్ళు చూసినావు, నవ్వినావు. నీకు నచ్చిందనుకున్నాను."

సునయనకు ముందు ఆ మాటే తగిలింది, ప్రయోగం సంగతి తరవాత. ఎవరూ చూడలేదనుకున్న నవ్వు.

మెల్లగా చెప్పడానికి ప్రయత్నించింది. ఎన్ని చచ్చిపోతాయో లెక్కపెట్టడానికే ఇవన్నీ నాటామని, చచ్చినచోటు ఖాళీగా ఉంటేనే అది లెక్కలోకి వస్తుందని. పంకజం మొదట నవ్వింది. ఎదుటి మనిషి నవ్వడం లేదని గమనించి చీపురు గట్టుకు ఆనించింది.

"అంటే ఇంత చదువు చదివి, ఏది చస్తాదా అని చూస్తా కూర్చుంటారా? ఆ మాట మాకు ఎవురన్నా చెప్పినారా? చెప్పుంటే నేను చెయ్యి పెట్టేదాన్నా?" గొంతు తగ్గించి అంది. "సచ్చినవి సచ్చినాయి పాపా. వాటి జాగా ఏం తప్పు చేసింది, ఊరికే ఎండేదానికి?"

ఎవరూ చెప్పలేదు. అది నిజం. మూడేళ్ళలో ఒక్కసారి కూడా కూలీలను కూర్చోబెట్టి ఇది దేనికో చెప్పాలని సునయనకు తోచలేదు. ప్రతి రైతూ చేసే పనే పంకజం చేసింది. బాగా చేసింది. అన్నిటికంటే ముందు చచ్చిన రకం కాబట్టి దాని మళ్ళలోనే నారు నాటింది, అందుకే అది అన్నిటికంటే మేటి రకమైంది. సునయన ఆ వాక్యాన్ని మనసులో రెండుసార్లు తిప్పి చూసింది. అందులో ఎక్కడా దొంగ లేడు. దొంగ లేనిచోట తప్పు ఎవరిదో తెలియక ఆమె మనసు గది నిండా వెతుకుతున్నట్టు తిరిగింది.

జాగా.

చిన్నప్పుడు ఉన్న తండియార్‌పేట ఇంట్లో ముందుగదిలో ఒక ఫోటో ఉండేది. గళ్ళ గౌను వేసుకున్న రెండేళ్ళ పిల్ల. చుట్టాలు వచ్చినప్పుడు, చూడు నువ్వు ఎంత బొద్దుగా ఉండేదానివో అనేవాళ్ళు. సునయనకు పదకొండేళ్ళప్పుడు వెల్ల వేయడానికి గోడమీదివన్నీ దించారు. ఫోటో వెనక స్టూడియో ముద్ర, దాని కింద తేదీ. ఆ తేదీకి తను పుట్టలేదు. తల్లి దగ్గరికి తీసుకెళ్ళి చూపించింది. తల్లి బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తలెత్తకుండానే చెప్పింది, నీకంటే ముందు ఒకతి ఉండె, మెదడువాపు వచ్చి పోయింది, దాని పేరే నీకు పెట్టినాము, రేషన్ కార్డులో కూడా మార్చలేదు అని. తరవాత తలెత్తి, పిల్ల ముఖం చూసి, "నువ్వే అది. మళ్ళా వచ్చినావు, అంతే" అంది.

ఫోటోలో పిల్లకు గడ్డం మీద సొట్ట ఉంది. సునయనకు లేదు. ఆ వేసవి అంతా ఆమె రోజూ అద్దం ముందు నిలబడి, పెన్సిల్ వెనక భాగాన్ని గడ్డానికి నొక్కి పట్టి వందదాకా లెక్కపెట్టేది. తీస్తే కాసేపు ఎర్రటి గుంట ఉండేది. పూడిపోయేది. ఎవరికీ చెప్పలేదు. తల్లి ఒకసారి తలుపు దగ్గర నిలబడి చూసింది. చూసి వెళ్ళిపోయింది.

ఇదంతా ఇప్పుడు ఎందుకు. తొమ్మిదిన్నర అయింది. సునయన షెడ్డు నీడలోకి వెళ్ళి విజయకుమార్ గారికి ఫోన్ చేసింది.

ఆయన కారులో ఉన్నారు. వెనక ఎవరో మాట్లాడుతున్నారు, సభ్యుల్లో ఒకరు కాబోలు. ఆమె తమిళంలో, వీలైనంత తక్కువ మాటల్లో చెప్పింది. మూడు మళ్ళలో నలభై ఒక మొక్క బయటిది. అసలు రకం పదమూడే బతికింది. హారన్లు వినబడ్డాయి. పొలంలో కొంచెం కలగలుపు ఎప్పుడూ ఉంటుంది అన్నారు చివరికి, ఎవరికో మామూలు సంగతి చెబుతున్నట్టు. ఇది కొంచెం కాదు సార్ అందామె. వచ్చే సీజన్‌లో మళ్ళీ వేసి సరిచూసుకోవచ్చు, ఈరోజు వాళ్ళను చూసి వెళ్ళనీ అన్నారు. వచ్చే సీజన్‌కు ఆయన ఇక్కడ ఉండరని ఇద్దరికీ తెలుసు. కారు ఆగిన చప్పుడు, తలుపు తెరుచుకున్న చప్పుడు. ఈసారి ఆయన గొంతు దగ్గరగా, ఒంటరిగా వచ్చింది.

"సునయనా, ఇది నేను విననట్టే. గంటలో అక్కడ ఉంటాం. అప్పటికీ నీకు చెప్పాలనిపిస్తే వాళ్ళ ముందే చెప్పు. ఆ బరువు నన్ను ముందుగా మోయమనకు."

ఫోన్ పెట్టేశాక ఆమెకు కోపం రాలేదు. అదే వింతగా అనిపించింది. ఆయన చేసింది ఆమె ఫిబ్రవరి నుంచీ చేస్తున్నదే. వినకపోవడం, చూడకపోవడం. కొంచెం వయసు ఎక్కువ, అంతే తేడా.

తిరిగి వచ్చేసరికి పంకజం మడి పక్కన గొంతుక్కూర్చుని ఉంది. చీపురు ముట్టుకోలేదు. చాలాసేపటి నుంచి ఏదో లెక్క వేసుకున్న మనిషిలా ఉంది.

"నా పేరు చెప్తావా?"

తంగరాజ్ పోయిన ఏడు ఇలాగే ఒకామెను, నీళ్ళు ఎక్కువ పెట్టిందని, మర్నాటి నుంచి రావద్దన్నాడు. ఇద్దరికీ ఆ సంగతి గుర్తుంది. సునయన వెంటనే లేదు అనబోయి ఆగింది. పేరు చెప్పకుండా ఎలా చెప్పడం? మొక్కలు వాటంతటవి నడిచి రాలేదు. చెప్పకపోతే పంకజం ఉద్యోగం ఉంటుంది, తన ఉద్యోగం ఉంటుంది, విజయకుమార్ గారికి ఒక పేరు దొరుకుతుంది. నాలుగు ఊళ్ళలో పదిహేడో రకం విత్తనం చల్లుతారు. నిజమైన పదిహేడు. బీరువాలో సంచిలో ఉన్నది. అది ఉప్పు తగిలిన నాలుగో రోజుకు వాలిపోతుంది. ఎవరో ఒక రైతు మడి పక్కన నిలబడి ఏం తప్పు చేశానా అనుకుంటాడు. ఈ నలభై ఒకటీ ఇక్కడే పూసి ఇక్కడే ఎండిపోతాయి. వీటి విత్తనం ఎవరూ దాచరు. కాగితం మీద ఇవి పుట్టలేదు కదా.

ఆ ఆలోచన దగ్గర ఆమె వేలు గడ్డం మీదికి వెళ్ళింది.

"చెప్పాల్సి వస్తుంది పంకజమ్మా," అంది. "ఖాళీలు అలాగే ఉంచాలని ఎవరూ మీకు చెప్పలేదని కూడా చెప్తాను. తప్పు నాదని. వాళ్ళు వింటారో లేదో తెలియదు."

పంకజం అటువైపు తిరిగి మళ్ళవైపు చూసింది. తెల్లటి నేల మీద పదిహేడో రకం మళ్ళు మాత్రమే కంటికి నిండుగా ఉన్నాయి. నారింజ రంగు ముద్దబంతులు, అరచేతికి సరిపోయేంత. చుట్టుపక్కల మళ్ళలో అక్కడక్కడ ఒకటి, అక్కడక్కడ ఒకటి.

"చెప్తే చెప్పు," అంది. "మళ్ళా ఆ తంగరాజ్ మొగం చూసేది లేకుంటే అదీ మంచిదే. కానీ అవి చెడ్డ మొక్కలని మాత్రం చెప్పబాకు. ఏదో గడ్డి గాదం తెచ్చి పెట్టినానని."

"వీటిని మీ ఇంట్లో ఏమంటారు?"

"ఏమంటాము? బంతి అంటాము."

"పేరు ఏమన్నా?"

"వాకిట్లో మొక్కకు పేరేంది పాపా? ఉండాదంటే ఉండాది."

గేటు దగ్గర కారు హారన్ వినబడింది. పదీ నలభై. పదకొండు కాకముందే వచ్చేశారు. పంకజం గభాల్న లేచి కొంగు సర్దుకుని, చీపురు తీసుకుని షెడ్డు వైపు నడిచింది. రెండడుగులు వేసి ఆగింది. వెళ్ళిపోలేదు. అక్కడే, బాట మధ్యలో, కాళ్ళు నేలలో దిగబడినట్టు నిలబడిపోయింది.

ముగ్గురు సభ్యులు దిగారు. ఇద్దరు మగవాళ్ళు, ఒకావిడ. ఆవిడ చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుని తెల్లటి పొర మీద జాగ్రత్తగా అడుగు వేసింది. విజయకుమార్ గారు అందరికంటే వెనక దిగారు. టోపీ పెట్టుకున్నారు, మళ్ళీ తీసి చేత్తో పట్టుకున్నారు. దూరం నుంచే పదిహేడో రకం మడి కనబడి ఉంటుంది, ఆ ఆవిడ వేలు చూపించి ఏదో అంది, అందరూ అటు చూశారు. ఎవరో మెచ్చుకున్నట్టు తల ఊపారు. విజయకుమార్ గారు మాత్రం పూలను చూడలేదు. సునయనను చూశారు. ఆ చూపులో బెదిరింపు లేదు, బతిమాలడం లేదు. డాక్టరు నోటినుంచి మాట రావడానికి ముందు రోగి చూసే చూపు అది.

ఆమె నోరు తెరవాలని చూసింది. సార్ ఒక్క నిమిషం అనాలి, దాని తరవాత ఏమనాలి, తమిళంలోనా ఇంగ్లీషులోనా, క్షమించండి అని మొదలుపెట్టాలా. వాక్యాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. వాళ్ళు ముప్ఫై అడుగుల దూరంలో ఉన్నారు. ఈ వాక్యాలు ఆమెకు తెలుసు. అవి ఎంత చక్కగా మూతపెడతాయో తెలుసు. ఇంకో పది అడుగులు నడిచేలోగా వాటిలో ఒకటి దొరుకుతుంది. నిజంలా ఉండేది, ఎవరినీ నొప్పించనిది. దొరికితే తను దాన్నే చెబుతుంది.

ఆమె మాట వెతకడం మానేసింది.

చొక్కా జేబులో ఖాళీ లేబుల్ ఒకటి తగిలింది. మార్కర్ తీసి, మోకాలి మీద పెట్టుకుని, పెద్ద అక్షరాలతో రాసింది. ఏడు వంకరగా వచ్చింది గానీ చదవడానికి తెలుస్తుంది. అందరూ చూస్తుండగా మడి గట్టున మోకాళ్ళ మీద కూర్చుని, మొదటి మొక్క ఊదా రంగు కాడకు లేబుల్ తీగ చుట్టి, రెండు మెలికలు తిప్పి కట్టింది.

17 కాదు.